సమతుల్యమా, సమతౌల్యమా?

లిపికారుడు: "సంచార సాధనముల భారమును సర్వర్ల నడుమ సమతౌల్య..." ఇక్కడికి వచ్చి ఆగిపోతోంది. రోమింగ్ ఫోన్ల మీద ఏదో పాత అనువాదంలోని వాక్యం. చెవిలో జోరీగ అయింది. అక్కడ ఉన్నది "తౌ"నా, "తు"నా?

వైయాకరణి: "తౌ"యే. తుల్యానికి భావార్థంలో తౌల్యం. దాని మీద మళ్ళీ "త" తగిలించి సమతౌల్యత అనేవారి సంగతి తర్వాత చూద్దాం.

నిఘంటుప్రియ: మరి ముందున్న "సమ" చేసే పనేమిటి? తుల్యమంటేనే సమానం కదా. సంతులనం అంటే పేచీ ఉండదు.

టవర్ మనిషి: పేచీ అర్థంలోనే ఉంది. 4జీలో ఫోన్ల జాడ, కనెక్షన్లు చూసుకునే సర్వరును ఎంఎంఈ అంటారు. ప్రతి ఎంఎంఈ తన సామర్థ్యాన్ని 0 నుంచి 255 లోపు ఒక అంకెగా బేస్ స్టేషన్‌కు చెబుతుంది. కొత్తగా వచ్చే ఫోన్లను ఆ స్టేషన్ ఎంఎంఈల మధ్య ఆ నిష్పత్తిలో పంచుతుంది. 200 చెప్పినదానికి 100 చెప్పినదానికంటే దాదాపు రెట్టింపు. ఇందులో తుల్యం ఎక్కడ? పంపకం అనండి చాలు.

వైయాకరణి: శక్తికి తగ్గ భారం పడితే అదీ తౌల్యమే.

పద్యప్రియుడు: ఫోను చోటు మారినా పాత చిరునామాకే డేటా అందేలా చూసే మొబైల్ ఐపీ మాట వస్తే నాకు పోతనే గుర్తొస్తాడు. "సిరికిం జెప్పడు"! శ్రీహరి కాబట్టి చెల్లింది. ఫోను అలా చెప్పకుండా కదిలితే ప్యాకెట్లన్నీ, అంటే డేటా ముక్కలన్నీ, పాత చోటికే పోతాయి. కొత్త చోట దొరికిన తాత్కాలిక చిరునామాను, సొంత నెట్‌వర్క్‌లో ఫోను తరఫున ప్యాకెట్లు అందుకునే హోమ్ ఏజెంట్ దగ్గర నమోదు చేయాల్సిందే.

వైయాకరణి: "సిరికిన్ చెప్పడు" అని రాసేవారూ ఉన్నారు. గణం చెడదు కాబట్టి ఎవరూ పట్టుకోరు. "న్" తర్వాత "చ" "జ"గా మారే సరళాదేశం మాత్రం గాలికి పోతుంది.

టవర్ మనిషి: ఆ హోమ్ ఏజెంట్ దగ్గరే ఇరుకు. తిరిగే సాధనాల ప్యాకెట్లు మామూలుగా దాని గుండానే రావాలి. అందుకే 2008లో ఆర్‌ఎఫ్‌సీ 5142 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రం వచ్చింది: బరువెక్కిన ఏజెంట్ "ఇంకో ఏజెంట్‌ను చూసుకో" అని సాధనానికే చెప్పవచ్చు. ఎంఎంఈ కూడా భారం తగ్గించుకోవాలంటే కనెక్షన్ వదిలేయిస్తుంది. ఫోను మళ్ళీ వచ్చినప్పుడు పాత ఎంఎంఈ పేరెత్తదు, బేస్ స్టేషన్ మరొకదానికి అప్పగిస్తుంది.

పద్యప్రియుడు: చూశారా, మళ్ళీ "చెప్పడు"!

నిఘంటుప్రియ: గజేంద్రుడి మొర విన్నవాడితో పోలికా? ఇక్కడ మొర పెట్టేది సర్వరు.

లిపికారుడు: బాగుంది. ఇంతకీ "సమతౌల్య" తర్వాత "పఱచుట"నా, "మొనర్చుట"నా?

వైయాకరణి: బండి ఱ జోలికి ఇప్పుడే వెళ్ళకండి. ముందు ఆ "సమతౌల్యత" సంగతి తేల్చుదాం.