సిమిస్టర్ ఐలాండ్ కూడలి: లూపు వేస్తే చిక్కు వీడుతుందా?

మలుపు మల్లన్న:
ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్ చుట్టూ తిరిగే ఎం60 వలయ రహదారి మీద 18వ జంక్షన్ సంగతి ఇది. అందరూ సిమిస్టర్ ఐలాండ్ అంటారు. ఎం60, ఎం62, ఎం66 అనే మూడు మోటార్‌వేలూ (వేగ రహదారులు) అక్కడే కలుస్తాయి. రోజుకు సుమారు 90,000 వాహనాలు. తెలియనివారికి ఒక్క ముక్క: వలయం మీదే సాగిపోవాలనుకున్నవాళ్లు కూడా అక్కడ వలయం దిగాల్సిందే! పడమటి నుంచి వస్తూ నేరుగా పోతే ఎం62 మీద లీడ్స్ దారి పడతాం. ఎం60 వదలకూడదంటే స్లిప్ రోడ్డు (మోటార్‌వే నుంచి దిగే పక్కదారి) పట్టి, రౌండబౌట్ మీద సిగ్నళ్ల దగ్గర ఆగి ఆగి, దక్షిణానికి మళ్లాలి.

ఇంగ్లండ్ పెద్ద రహదారులు చూసుకునే ప్రభుత్వ సంస్థ నేషనల్ హైవేస్ 2021లో ఖాయం చేసిన ‘నార్తర్న్ లూప్’ వస్తే ఆ మలుపు తీసుకునే వాహనాలు సిగ్నల్‌తో పని లేకుండా కూడలికి ఉత్తరాన చుట్టు తిరిగి దక్షిణానికి చేరతాయి. దాంతోపాటు 17, 18 జంక్షన్ల మధ్య హార్డ్ షోల్డర్‌ను (బండి చెడితే ఆపుకునే అంచు పట్టీని) ఐదో లేన్‌గా మారుస్తారు. 2025లో ప్రభుత్వం నిధులకు సరేనంది. ఖర్చు ముప్పై కోట్ల పౌండ్ల పైమాటే. నేను లూపు పక్షం. మీరేమంటారు?

లెక్కల టీచర్:
రోడ్డు పెంచితే రద్దీ తగ్గుతుందన్న మాట ఎన్ని తరాలు నమ్ముదాం? కొత్త రోడ్డు కొత్త ట్రాఫిక్‌ను పుట్టిస్తుందని బ్రిటన్ ప్రభుత్వ సలహా సంఘమే 1994లో నివేదిక ఇచ్చింది. 2011లో డ్యురాంటన్, టర్నర్ అనే ఆర్థికవేత్తలు అమెరికా నగరాల లెక్కలు తీస్తే, అంతర్రాష్ట్ర రహదారుల లేన్ల పొడవు ఎంత పెరిగితే వాటి మీద ప్రయాణాలు కూడా ఇంచుమించు అంతే పెరిగాయని తేలింది. ఐదో లేన్ నిండటానికి ఎన్నాళ్లు పడుతుందన్నదే ప్రశ్న. నిండుతుందా లేదా అన్నది కాదు.

మలుపు మల్లన్న:
టీచర్ గారూ, ఆ అధ్యయనం లేన్ల గురించి. నేను అడుగుతున్నది మలుపు గురించి. ఆ రౌండబౌట్ మీద వలయంలో తిరిగేవాళ్లు, ఉత్తరాన బరీ ఊరి వైపు నుంచి దిగేవాళ్లు, లీడ్స్ నుంచి వచ్చి మళ్లేవాళ్లు ఒకరి దారికి ఒకరు అడ్డం. పచ్చలైటు పడగానే ముందున్న 44 టన్నుల లారీ కదిలి వేగం అందుకునేసరికి వెనక నాలుగు కార్లు దాటితే గొప్ప. మళ్లీ ఎరుపు. క్యూ తోక స్లిప్ రోడ్డు దాటి మోటార్‌వే మీదికి పాకుతుంది. అప్పుడు లీడ్స్‌కు నేరుగా పోయేవాళ్లు కూడా బ్రేకు తొక్కాల్సిందే. వాళ్లకు ఆ కూడలిలో మలుపుతో పనే లేదు! ఇక్కడ తక్కువైంది రోడ్డు వెడల్పు కాదు, దారులు విడివిడిగా లేకపోవడం.

అసలు ఈ వంకర ఎందుకొచ్చిందంటే ఎం60 ఒక్కసారిగా గీసిన రోడ్డు కాదు. అంతకుముందున్న ఎం62, ఎం63, ఎం66 ముక్కలకు కొత్త పేరు పెట్టి, మిగిలిన ఖాళీ పూడ్చి, 2000లో వలయం పూర్తి చేశారు. అతుకుల బొంత. ఈ కూడలి అందులో ఒక అతుకు.

రాత్రిడ్యూటీ:
లివర్‌పూల్ రేవు నుంచి హల్ రేవుకు సరుకు వెళ్లే దారి ఇదే. పక్కనే బరీ ట్రామ్ లైను 1992 నుంచి ఉందని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు, అందుకే ముందే చెబుతున్నా: కంటైనరు ట్రామ్ ఎక్కదు.

పొలంగట్టు:
లూపు మీద నాకు పెద్ద తగాదా లేదు, అది గ్రీన్ బెల్ట్ (ఊరు విస్తరించకుండా కట్టడాలకు ఆంక్షలు పెట్టిన పచ్చని నేల) పొలాల్లోంచి పోతుందన్న బాధ తప్ప. సిమిస్టర్ ఊరికి ఇప్పటికే మోటార్‌వే హోరు తోడు. నా గొడవంతా హార్డ్ షోల్డర్‌తో. పక్కనే ఎం62 మీద 18 నుంచి 20 వరకు దాన్ని లేన్‌గా మార్చి 2018లో ‘స్మార్ట్ మోటార్‌వే’ అన్నారు. 2023 ఏప్రిల్‌లో ప్రభుత్వమే జనానికి నమ్మకం లేదని, ఖర్చు ఎక్కువని కొత్త స్మార్ట్ మోటార్‌వేలు రద్దు చేసింది. మరి ఇక్కడ అదే పని ‘కూడలి అభివృద్ధి’ పేరుతో ఎలా లోపలికి వచ్చింది? పేరు మారితే టైరు పేలదా?

లెక్కల టీచర్:
పొలంగట్టు గారు అడిగింది సరైన ప్రశ్న. నాదొకటి కలుపుతాను. రద్దీ వేళ సుంకం వేస్తే కొందరైనా ప్రయాణ వేళ మార్చుకుంటారు. కాంక్రీటు పోయకుండానే క్యూ తగ్గుతుంది.

రాత్రిడ్యూటీ:
ఆ ముచ్చట 2008 డిసెంబర్‌లోనే తీరింది కదండీ! గ్రేటర్ మాంచెస్టర్ పది బరోల్లోనూ (స్థానిక పాలనా ప్రాంతాల్లోనూ) ఓటింగ్ పెడితే ఐదుగురిలో నలుగురు వద్దన్నారు. ఆ ప్రణాళికలో సుంకానికి బయటి గీత ఈ ఎం60 వలయమే. మళ్లీ ఆ మాట ఎత్తే నాయకుడు ఎవరు? పైగా సుంకం నా యజమాని కడతాడు, నా డ్యూటీ వేళ మాత్రం మారదు. 2014 నుంచి 2018 దాకా ఇదే దారిలో రోడ్డు పనులకు పెట్టిన శంకువుల మధ్య బండి నడిపినవాళ్లం. మళ్లీ అలాంటి పనులంటే ఒళ్లు జలదరిస్తుంది. అయినా లూపు కావాలి.

పొలంగట్టు:
అయితే లూపు ఒక్కటే కట్టి ఐదో లేన్ మానేయొచ్చుగా?

మలుపు మల్లన్న:
అక్కడే పేచీ. 17, 18 దగ్గర దగ్గరగా ఉన్నాయి. 17లో ఎక్కేవాళ్లు కుడికి జరుగుతుంటారు, లూపు పట్టేవాళ్లు ఎడమకు జరగాలి. ఆ కొద్ది దూరంలో ఇద్దరూ ఒకరినొకరు కోసుకోకుండా ఉండాలంటే అదనంగా ఒక వరుస కావాలి. అది లేకుండా లూపు కడితే క్యూ సిగ్నల్ దగ్గరి నుంచి లేచి 17 దగ్గరికి వెళ్లి కూర్చుంటుంది.

పొలంగట్టు:
ఒప్పుకున్నాం. అప్పుడు మీ అదనపు వరుసకు ఎడమ పక్క బండి ఆగిపోతే నిలబెట్టుకునే చోటు ఎంత దూరానికొకటి ఉంటుందో చెప్పండి. నేను ఓటు వేసేది దాన్నిబట్టే.