ఫోమ్ కత్తి సగం నుంచి వాలిపోతున్నది, లోపల ఏం పెట్టాలి?

లంగర్‌హౌజ్_తమ్ముడు:
అన్నలూ, అక్కలూ, నమస్తే. కాస్‌ప్లేకి, అంటే పాత్రల వేషాలు కట్టుకొని పోయే కార్యక్రమానికి, అబ్దుర్ రజాక్ లారీ వేషం వేస్తున్న. 1687ల ఔరంగజేబు ఫౌజు గోల్కొండలకు చొరబడ్డప్పుడు ఒంటి నిండా గాయాలతోటి చివరిదాకా కొట్లాడిన సర్దార్ ఆయన. మా మేడ ఎక్కితే కిలా కనబడుతది, అందుకే నాకు ఈ వేషమే కావాలె. కత్తి మూడడుగులు, వంపు తిరిగినది. 10 ఎంఎం ఈవీఏ ఫోమ్ (రబ్బరులెక్క మెత్తగుండేది) షీట్లు రెండు అతికించి కోసిన. పట్టుకుంటే సగం కాడ్నుంచి వాలుతున్నది. పీవీసీ పైపేమో నిటారుగ ఉంటది. ఇనుప చువ్వ పెట్టొచ్చా?

నాటకాల_సామాను_అక్క:
ఇనుము వద్దు తమ్మీ. గుంపుల ఎవరికన్నా తగిలితే ఫోమ్ చీల్చుకొని బయటికొస్తది, పిల్లలు కూడా ఉంటరు. పైపు కూడా వద్దు, కత్తి ఉబ్బినట్టు కనబడుతది. ఫ్లెక్సీలు, బోర్డులు చేసేటోళ్ల దగ్గర 5 ఎంఎం సన్‌బోర్డ్, అంటే తేలికైన గట్టి ప్లాస్టిక్ అట్ట, దొరుకుతది. నీ కత్తి వంపునే దాని మీద గీసి, అంచులకు అర అంగుళం లోపలికి కోయి. వంపుతోనే కోస్తవు కాబట్టి దేన్నీ వంచే పని లేదు. ఆ ముక్కను పిడి చివరిదాకా ఒకటే పట్టీగ పోనియ్యి, పిడి కాడ ఆపకు. కత్తి విరిగేది ఎప్పుడైనా అక్కడ్నే. చుట్టూ మిగిలిన ఖాళీల ఫోమ్ పట్టీ పెట్టి, పైనొకటి కిందొకటి షీటు అతికించు.

గ్లూ గన్ వాడకు, ఎండల కార్ల పెడితే అతుకు మెత్తబడి ఊడుతది. ఫెవికాల్ ఎస్ఆర్ 998 అనే రబ్బరు జిగురు రెండు దిక్కులా పల్చగ రాయి, వేలికి అంటకుండ ఆరేదాకా ఆగి అప్పుడు అదుము. ఒకసారి అంటితే జరపరాదు, అందుకని పిడి దిక్కు నుంచి మెల్లమెల్లగ దించుకుంట పో. ఘాటు వాసనొస్తది, కిటికీలు తెరువు.

పాతబస్తీ_పాఠకుడు:
పిడి కోసం సాలార్‌జంగ్ మ్యూజియంల ఆయుధాల గ్యాలరీ చూడు తమ్ముడూ. తల్వార్ పిడి చివర గుండ్రటి బిళ్ల ఉంటది. అది పెడితేనే మన దిక్కు కత్తిలెక్క అనిపిస్తది, లేకుంటే ఏ దేశపు కత్తో అర్థం కాదు.

లంగర్‌హౌజ్_తమ్ముడు:
శానా థ్యాంక్స్ అక్కా, అన్నా. మరి నేను ముందే అతికించిన కదా, మళ్ల కొత్త షీట్లు కొనాల్నా? రంగు ఎట్ల?

నాటకాల_సామాను_అక్క:
కొనకు. కట్టర్ల కొత్త బ్లేడు వేసి అతుకు వెంబడి చీల్చు, రెండు పొరలు విడిపోతయి. సన్‌బోర్డ్ పెట్టి మూసినంక అంచు వాలుగ చెక్కు. ఆగి ఆగి కోస్తే మెట్లు పడతయి, పొడుగ్గ ఒకటే గుంజుడు గుంజు. తర్వాత హీట్ గన్ (వేడిగాలి కొట్టే మిషను) దూరంగ ఆడియ్యి, ఫోమ్ మీద సన్నగ మెరుపు రాంగనే ముందుకు జరుపు. రంధ్రాలు మూసుకుంటయి, రంగు పీల్చదు. ఆపైన తెల్ల ఫెవికాల్ నీళ్లల్ల కలిపి రెండు మూడు పూతలు, ఒక్కోటి బాగ ఆరినంక ఇంకోటి. నలుపు అక్రిలిక్ ముందు, సిల్వర్ తర్వాత. పిడి కాడి గీతలల్ల నలుపు అట్లనే ఉండనియ్యి.