అల్ట్రాసౌండ్‌లో ఎక్కించేది "రంగు" కాదు

హైదరాబాద్‌లో ఏ స్కానింగ్ సెంటర్‌లోనైనా కాంట్రాస్ట్ అంటే "రంగు". సీటీకి ఆ మాట ఎలాగో చెల్లిపోతోంది. కానీ లివర్‌లో గడ్డ ఏ రకమో తేల్చడానికి చేసే కాంట్రాస్ట్ అల్ట్రాసౌండ్‌లో నరానికి ఎక్కించేవి బుడగలు. పలచని కొవ్వు పొర, లోపల సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్ లాంటి వాయువు. ఎర్రరక్తకణం కంటే చిన్నవి. పని అయ్యాక ఆ వాయువు ఊపిరితో బయటికి పోతుంది.

దీన్ని "బుడగల మందు" అందామని నా ప్రతిపాదన. సీటీ రంగులో అయోడిన్ ఉంటుంది. కిడ్నీ సమస్య ఉన్నవాళ్లకి "రంగు" అనగానే టెన్షన్. ఇందులో అయోడిన్ లేదు, కిడ్నీల మీద భారమూ పడదు. అలర్జీ అరుదుగా రావచ్చు, అది ముందే చెప్పాలి. లేని భయాన్ని మాత్రం మనం ఒక మాటతో అంటగట్టకూడదు.

— మొదట్లో వాడింది రంగే కదండీ?

నిజమే. 1968లో గ్రామియాక్, షా అనే ఇద్దరు డాక్టర్లు గుండె ఎకో తీస్తూ ఇండోసయనిన్ గ్రీన్ ఎక్కించినప్పుడు తెర మీద మెరుపు కనిపించింది. అది పచ్చ రంగే. అయితే మెరిసింది రంగు కాదు, ఇంజెక్షన్‌తో పాటు లోపలికి వెళ్లిన బుడగలు.

— మరి తెర మీద బుడగల్ని విడిగా చూపించే పల్స్ ఇన్వర్షన్ పద్ధతిని ఏమందాం? "విలోమ స్పందనం" బాగుంటుందా?

వద్దండీ. ఆసుపత్రిలో స్పందనం అంటే గుండే గుర్తొస్తుంది, పల్స్ అంటే నాడి. అక్కడ జరిగేది చూసి పేరు పెడదాం. మెషీన్ ఒక అల పంపి, వెంటనే అదే అలని తలకిందులు చేసి మరొకటి పంపుతుంది. కండ, కొవ్వు వచ్చిన అలని దాదాపు అదే ఆకారంలో తిప్పి పంపుతాయి కాబట్టి రెండు ప్రతిధ్వనులూ కూడితే సున్నా. బుడగ అలా కాదు. ఒత్తిడి తగ్గినప్పుడు ఉబ్బినంతగా, పెరిగినప్పుడు కుంచించుకోదు. అందువల్ల దాని ప్రతిధ్వనిలో రెట్టింపు పౌనఃపున్యం కూడా కలుస్తుంది, కూడినా ఆ భాగం మిగిలిపోతుంది. తెర మీద మనం చూసేది ఆ మిగులునే. అందుకే "తలకిందుల జంట" అంటాను.

దీనికి తోబుట్టువు లాంటి పద్ధతి ఇంకోటి ఉంది: నిండు బలంతో ఒక అల, సగం బలంతో ఒకటి. సగందాన్ని రెట్టింపు చేసి తీసేస్తే మళ్లీ బుడగలే మిగులుతాయి. రెండింటిలోనూ అలలు మెత్తగా ఉండాలి, గట్టిగా కొడితే బుడగలు పగిలిపోతాయి.

బుడగ ఇలా వచ్చిన అలని అదే ఆకారంలో తిప్పి పంపకపోవడాన్నే "నాన్‌లీనియర్" అంటారు. ఆ మాటకి పాఠ్యపుస్తకాల్లో "అరేఖీయ" ఎలాగూ ఉంది, పుస్తకాలకి అదే చాలు. పేషెంట్ సంతకం పెట్టే కాగితం మీద మాత్రం ఇలా రాయమంటాను: "నరానికి బుడగల మందు ఎక్కించి అల్ట్రాసౌండ్ తీస్తాం. ఇందులో అయోడిన్ లేదు. ఇంతకుముందు ఏ మందుకైనా అలర్జీ వచ్చి ఉంటే చెప్పండి."