ఆడగుర్రం స్కానింగ్: ఫాలికిల్‌ను ‘గుడ్డు’ అనవచ్చా?

ప్రశ్న: పాతబస్తీలో బరాత్ గుర్రాలు పెంచే కుటుంబాల కోసం ఈనికల గురించి తెలుగులో చిన్న కరపత్రం రాస్తున్నాం. స్కానింగ్‌లో కనిపించే ఫాలికిల్‌ను ‘గుడ్డు’ అనేద్దామా? హైదరాబాద్ సంతాన సాఫల్య కేంద్రాల్లో ‘గుడ్డు సైజు ఎంతొచ్చింది’ అనే అంటున్నారు కదా!

జవాబు: దయచేసి వద్దండీ. అక్కడ కొలిచేది గుడ్డును కాదు, దాన్ని లోపల పెట్టుకున్న నీటి సంచిని. గోడిగలో (ఆడగుర్రానికి ఇంత చక్కటి పాత మాట ఉంది, కరపత్రంలో వాడండి) ఆ సంచి ఎద రోజుల్లో రోజుకు సుమారు 3 మిల్లీమీటర్లు పెరిగి, 35 దాటాక, ఎక్కువగా 40, 45 దగ్గర పగులుతుంది. లోపలి అండం మాత్రం మిల్లీమీటరులో పదో వంతు దరిదాపుల్లో ఉంటుంది. అది స్కానింగ్‌లో కనిపించదు.

ఈ పొరపాటు పాతదే. 1672లో డచ్ వైద్యుడు ద గ్రాఫ్ ఆ సంచులను వర్ణించినప్పుడు వాటినే అండాలనుకున్నాడు. అసలు అండాన్ని ఫాన్ బేర్ అనే శాస్త్రవేత్త చూపించింది 1827లో. మన పాఠ్యపుస్తకాలు ఆ సంచిని ‘గ్రాఫియన్ పుటిక’ అంటూ రెంటినీ విడదీసే చెప్పాయి. ఆస్పత్రి భాషే మళ్లీ కలిపేసింది.

‘గుడ్డు పగిలింది’ అంటే మనింట్లో ఎవరికైనా నష్టమనే అర్థమవుతుంది. ఇక్కడ అదే శుభవార్త! ‘పుటిక పగిలింది, అండం విడుదలైంది’ అంటే గుర్రం యజమాని కంగారుపడడు.

ఇంకో మాట, ‘ఎద’. దీని విషయంలో నాకు ఎక్కువ దిగులు. ఆవుకు ఎద ఒక పూటో, కాస్త ఎక్కువో. అండం విడుదలయ్యేది ఎద చల్లారిన 10, 12 గంటలకు. అందుకే పొద్దున ఎదకొస్తే సాయంత్రం సూది (కృత్రిమ గర్భధారణ) వేయించే అలవాటు. గోడిగకు ఎద 5 నుంచి 7 రోజులు ఉంటుంది. అండం విడుదలయ్యేది ఎద ముగియడానికి ఒకటి, రెండు రోజుల ముందు. విడుదలయ్యాక కొన్ని గంటలే నిలుస్తుంది. మగగుర్రం వీర్యం రెండు రోజులు పనిచేస్తుంది కాబట్టి అండం విడుదలకు ముందే దాటించాలి (జత కట్టించాలి). ఎదకొచ్చిన మొదటి రోజే దాటించి ఊరుకుంటే ఆ ఎద వృథా కావచ్చు. ‘ఎదకు వచ్చింది’, ‘అండం విడుదలైంది’ అనే రెండు మాటలు వేరువేరుగా రాయడం అందుకే ముఖ్యం.

ప్రశ్న: పుటిక అంటే పల్లెవాళ్లకు తెలియదు. ‘తిత్తి’ అంటే? కొలిమితిత్తి అందరికీ తెలుసుగా.

జవాబు: మాటగా ఎంత బాగుందో! లాటిన్‌లో ఫాలికిల్‌కు మూలమైన మాటకూ తోలుసంచి, కొలిమితిత్తి అనే అర్థాలే. కానీ ‘అండాశయ తిత్తి’ అని సిస్టుకు ఇప్పటికే రాస్తున్నారు. ఆరోగ్యంగా ఉన్న గోడిగకు జబ్బున్నట్టు ధ్వనిస్తుంది. నేనైతే మొదటిసారి ‘పుటిక, అంటే అండం ఉన్న నీటి సంచి’ అని రాసి, తర్వాతంతా పుటిక అనే వాడతాను. డాక్టరు నోట ఫాలికిల్ అనే వినిపిస్తుంది కాబట్టి ఆ మాటనూ పక్కన ఒక్కసారి ఉంచండి.