8 అంగుళాల డాబ్సోనియన్ టెలిస్కోప్‌లో చుక్కలకి తోకలు, ఎలా సరిచేయాలి?

మాది విశాఖ. నాలుగేళ్ల కిందట మా అబ్బాయి కోసమని 70 ఎంఎం టెలిస్కోప్ కొన్నాను, వాడు రెండు రోజులు చూసి వదిలేశాడు, నేను మాత్రం శని వలయాలు చూసిన రాత్రి నుంచి ఇంకా తేరుకోలేదు. తర్వాత 114 ఎంఎం వచ్చింది. ఇప్పుడు సెకండ్‌హ్యాండ్‌లో 8 అంగుళాల డాబ్సోనియన్, అంటే అద్దాలతో పనిచేసే పెద్ద గొట్టం టెలిస్కోప్, ఫోకల్ లెంగ్త్ 1200 ఎంఎం. మేడ మీద బట్టలారేసే చోటు లేదని ఇంట్లో రోజూ గొడవే.

అసలు సంగతేంటంటే, 25 ఎంఎం ఐపీస్‌తో (కన్ను పెట్టి చూసే లెన్స్) గొల్లకావడి కింద ఉన్న నెబ్యులా (వాయువుల మబ్బు) చక్కగా కనిపిస్తోంది, కానీ 10 ఎంఎం పెడితే, అంటే 120 రెట్ల దగ్గర, ప్రతి చుక్కకీ ఒకే వైపు తోక. ఫోకస్ తప్పించి చూస్తే చుక్క గారెలా కనిపిస్తుంది కదా, ఆ చిల్లు పక్కకి జరిగి ఉంది. గంటసేపు బయట పెట్టి, అద్దం చల్లారాకే చూశాను.

అద్దాల అలైన్‌మెంటే తప్పిందంటారా? అలైన్‌మెంట్ చూసే లేజర్ పరికరం కొనకుండా సరిచేయాలంటే ముందు పైనున్న చిన్న అద్దం ముట్టుకోవాలా, వెనక స్క్రూలు తిప్పాలా?

ఇంకోటి, పెద్ద అద్దం మీద బూజు మచ్చలు కనిపిస్తున్నాయి, మా సముద్రపు గాలి పుణ్యమే అనుకుంటా. డిస్టిల్డ్ వాటర్‌తో కడిగితే పూత పోతుందా? చేసినవాళ్లు చెప్పండి. దయచేసి నాలుగోది కొనమని మాత్రం ఎవరూ సలహా ఇవ్వొద్దు, కొనేస్తాను.