హక్ లేసు నేతలో జాలీ విచ్చుకోవడం లేదు, లోపం ఎక్కడ?

ప్రశ్న: నాలుగు షాఫ్టుల (పడుగు పోగులను లేపే చట్రాల) టేబుల్ మగ్గం మీద 2/10 నూలుతో (10వ నంబరు, రెండు పోగులు పేనినది) హక్ లేసు నేస్తున్నానండి, అంటే సాదా నేత మధ్య కొన్ని పోగులను తేలనిచ్చి కన్నాలు తెప్పించే నేత. అచ్చు (పోగులను విడదీసే దువ్వెన) అంగుళానికి 12 పళ్లది, పంటికి 2 పోగులు. పడుగు (నిలువు పోగులు) షాఫ్టులకు ఎక్కించిన వరస 1-3-1-3-1, 2-4-2-4-2. షాఫ్టులు లేపే వరస: 1-4, 2, 1-4, 2, 1-4, తర్వాత 2-3, 1, 2-3, 1, 2-3. పడుగుకు గంజి పెట్టాను. గుడ్డ మీద చిన్న చిన్న గీతలే తప్ప కన్నాలు లేవు. చన్నీళ్లలో జాడించినా పెద్దగా మారలేదు. పోగులు పలచన చేయాలా?

జవాబు: పలచన చేయకండి. ఆ నూలుకు అంగుళానికి 24 పోగులు సరిగ్గా సరిపోతాయి. మార్చాల్సింది లేపే వరస. మీరు వేసినది హక్ చుక్కల నేత. అందులో ఒక అరగుంపులో (1-3-1-3-1 లేదా 2-4-2-4-2, ఐదు పోగులు) పేక (అడ్డ పోగు) అల్లుకోకుండా పైన తేలుతుంటే పక్క అరగుంపు సాదా నేతలో ఉండిపోతుంది. అసలు లేసు కావాలంటే 2 ఒక్కటే లేపే చోట 2-4 లేపండి, 1 ఒక్కటే లేపే చోట 1-3 లేపండి. అంటే 1-4, 2-4, 1-4, 2-4, 1-4. ఆపైన 2-3, 1-3, 2-3, 1-3, 2-3. ఇప్పుడు ఒక అరగుంపులో పేక తేలితే, పక్కదానిలో పడుగు తేలుతుంది. గుడ్డ రెండు వైపులా ఒకేలా కనిపిస్తుంది.

కన్నం ఎక్కడ పడుతుందో తెలిస్తే మిగతాది సులువు. పేక ఐదు పోగుల మీదుగా తేలినప్పుడు ఆ ఐదింటి మధ్యలోకి అది దిగదు, కాబట్టి అవి ఒకదానికొకటి దగ్గరకు జరుగుతాయి. అరగుంపు చివరి 1కీ, పక్క అరగుంపు మొదటి 2కీ మధ్య మాత్రం ప్రతి పేకా అడ్డుపడుతుంది, అవి కలవలేవు. కన్నం పడేది ఆ సందులోనే. మగ్గం మీద బిగువు ఉన్నంతసేపు పోగులు కదలవు, పైగా అచ్చు పళ్లు వాటిని విడదీసి పట్టుకుంటాయి. అందుకే అక్కడ జాలీ కనిపించకపోవడం తప్పేమీ కాదు.

మరొకరు: గంజి సంగతి మర్చిపోకండి. గంజి పోనంతవరకు పోగు పోగుకు అతుక్కునే ఉంటుంది. గుడ్డ కోసి, అంచులు కుట్టి, వేడినీళ్లలో కొంచెం సబ్బు వేసి అరగంట నానబెట్టండి. పది నిమిషాలు చేత్తో మెల్లగా పిసకండి, జిగురు పోయేదాకా నీళ్లు మార్చండి. పిండకుండా తువాలులో చుట్టి నొక్కి, పరిచి ఆరేయండి. నూలు పది శాతం దాకా ముడుచుకుపోవచ్చు, పొడవు ముందే కలుపుకోండి.

అచ్చుతో పేకను కొట్టే దెబ్బ కూడా చూసుకోండి. పది పేకల ఎత్తు, పది పడుగు పోగుల వెడల్పు సమానంగా ఉండాలి. మీ లెక్కకు అది సెంటీమీటరుకు కాస్త ఎక్కువ. స్కేలు పెట్టి కొలవండి. గట్టిగా కొట్టి అంగుళానికి 30 పేకలు ఎక్కిస్తే, ఎంత ఉతికినా పోగులకు జరిగే చోటు ఉండదు.

అడిగినవారు: లేపే వరస మార్చి నేసి, వేడినీళ్లలో ఉతికాను, జాలీ విచ్చుకుందండి. రెండు అంచుల్లో మాత్రం పోగులు వేలాడుతున్నాయి.

జవాబు: అంచులు 3-4 మీద ఎక్కించి ఉంటారు. లేసు వేసేటప్పుడు ఆ షాఫ్టులు వరసగా ఐదు పేకల పాటు పైనో కిందో ఉండిపోతాయి. అంచుకు 1-2-1-2 ఎక్కిస్తే ఏ వరసలోనైనా సాదా నేతే వస్తుంది. 12 అంగుళాలకు లెక్క: ఎడమ అంచు 6, పది పోగుల గుంపులు 27, సమానం కావడానికి ఇంకో 1-3-1-3-1, కుడి అంచు 2తో మొదలుపెట్టి 6. మొత్తం 287. మొదట రెండంగుళాలు 1-4, 2-3తో సాదాగా నేయండి. పక్కపక్కన రెండు పోగులు ఒకటిగా లేస్తే ఎక్కించడంలో తప్పుంది, అప్పుడే విప్పడం మేలు.

అడిగినవారు: సాదా గుడ్డ మధ్యలో కిటికీలా పెద్ద జాలీ గడి రావాలంటే?

జవాబు: హక్‌లో నాలుగు షాఫ్టులతో ఒకే రకం అరగుంపులు పక్కపక్కన పెట్టలేరు, 1 పక్కన మళ్లీ 1 వచ్చి సాదా నేత చెడుతుంది. దానికి బ్రాన్సన్ లేసు అనే మరో రకం జాలీ నేత ఎంచుకోండి. ఒక గుంపు 1-3-1-3-1-2, రెండోది 1-4-1-4-1-2. ఎన్నిసార్లయినా పక్కపక్కన పెట్టుకోవచ్చు. సాదా నేతకు 1, 2-3-4. మొదటి గుంపులో మాత్రమే లేసు కావాలంటే 1, 2-4, 1, 2-4, 1, 2-3-4. రెండింటిలోనూ కావాలంటే 2-4 బదులు 2 ఒక్కటే. చుట్టూ సాదా అంచుకు ఇక్కడ కూడా 1-2.

ఎక్కించే ముందు హీల్డ్‌లు (షాఫ్టు మీద ఒక్కో పోగును పట్టే కన్నున్న తీగలు) లెక్కపెట్టుకోండి. బ్రాన్సన్‌లో సగం పోగులు 1వ షాఫ్టు మీదికే వస్తాయి. 288 పోగులకు దాని మీదే 144 కావాలి.

మరొకరు: ఇది నర్సాపురం లేసు లాంటిదేనా?

జవాబు: కాదండి. అది క్రోషే సూదితో ఒకే దారాన్ని ఉచ్చులుగా అల్లే పని, దానికి పడుగూ పేకా ఉండవు. లెనో అనే జాలీ నేత కూడా వేరే. అందులో పడుగు పోగులు ఒకదాని మీదుగా ఒకటి మెలి తిరుగుతాయి. హక్, బ్రాన్సన్ లేసులలో పోగులన్నీ తిన్నగానే ఉంటాయి.