ముందు వాకిట్లో గరిక: పీకేయాలా, ఉంచాలా? (ఉత్తర టెక్సాస్)

కొత్తిల్లు_ప్లేనో:
ఇక్కడి ఇళ్ల ముందు సుమారు వెయ్యి చదరపు అడుగుల బెర్ముడా గడ్డి లాన్ ఉంటుంది. దాని మీద పిల్లలు ఆడరు, పెద్దలు కూర్చోరు. అయినా పోసేది తాగే నీళ్లే. ఇది తప్పు కాదా? తీసేస్తే నిజంగా మేలా, లేక కొండను తవ్వి ఎలుకను పట్టడమేనా? హెచ్ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) ఊరుకుంటుందా?

తుంపర_లెక్క:
వెయ్యి చదరపు అడుగుల మీద అంగుళం నీళ్లంటే 623 గ్యాలన్లు. వారానికో అంగుళం చొప్పున 20 వారాలకు, వానలు లెక్కేయకపోతే, 12 వేల గ్యాలన్లు దాటుతుంది. ఆ నీళ్లు ఊరికే రావు. ఫానిన్ కౌంటీలో 16 వేల ఎకరాలకు పైగా ముంచి కట్టిన బోడార్క్ జలాశయం నుంచి 2023లో ఈ ఊళ్లకు సరఫరా మొదలైంది. పోలవరం ముంపు మీద గంటలు వాదించే మనం, ఈ ముంపులో మన స్ప్రింక్లర్ వాటా ఎంతని అడగం. నా ఓటు పీకేయడానికే.

రేగడి_రైతుబిడ్డ:
నీతి సరే, పని సంగతి చూడండి. బెర్ముడా అంటే మన గరికే, వినాయకుడికి పెట్టేదే. అట్టపెట్టెలు పరిచి మల్చ్ (నేల కప్పే చెక్కపొట్టు) పోస్తే చస్తుందనే వీడియోలు గుబురుగా పెరిగే గడ్డికి పనికొస్తాయి, దీనికి కాదు. దీని వేళ్లు ఆరంగుళాల కిందికి కూడా దిగుతాయి. అట్ట నానాక అంచుల్లోంచి మళ్లీ పాకుతుంది. రోటోటిల్లర్‌తో తిరగేస్తే ఇంకా చేటు, తెగిన ప్రతి ముక్కా ఒక మొక్కే.

పనిచేసేవి రెండు. ఒకటి: జూన్‌లో గడ్డిని నేలకంటా కోసి, బాగా తడిపి, పల్చటి పారదర్శక ప్లాస్టిక్ బిగుతుగా పరిచి, అంచులు మట్టిలో పూడ్చి, 6 నుంచి 8 వారాలు వదిలేయాలి. నీడలో ఇది పనిచేయదు. చెట్ల కిందైతే పైపై వేళ్లు కూడా ఉడుకుతాయి. రెండు: గ్లైఫోసేట్ అనే కలుపు మందు. గడ్డి పచ్చగా ఎదుగుతున్నప్పుడే కొట్టాలి. చలికాలం ఎండిన గడ్డి మీద కొడితే డబ్బు దండగ. రెండు మూడు వారాలు ఆగి, నీళ్లు పెట్టి, మొలిచినదాని మీద మళ్లీ కొట్టాలి. ఒక్కసారితో వదిలేసినవాళ్లే తర్వాత మొక్కల మధ్య కూర్చుని పీక్కుంటారు.

పచ్చిక_పక్షం:
తుంపర గారూ, మీ 12 వేల గ్యాలన్లు గడ్డి తాగేవి కావు, స్ప్రింక్లర్ టైమర్ పోసేవి. బెర్ముడా వారాల తరబడి నీళ్లు లేకపోయినా ఎండి పడుకుంటుంది, వాన పడితే లేస్తుంది. రేగడి నేల నీటిని మెల్లగా పీలుస్తుంది కాబట్టి ఒకేసారి 20 నిమిషాలు తిప్పితే సగం రోడ్డు మీదికే పోతుంది. ఏడేసి నిమిషాలు మూడు విడతలుగా, మధ్యలో గంట ఆపి తిప్పండి. ముందు అది చేయకుండా గడ్డి మీద పాపం మోపడం అన్యాయం.

పైగా చాలామంది పీకేశాక వేసేది మొక్కలు కాదు, రాళ్లు! ఎండకు అవి పెనంలా కాలుతాయి. కలుపు రాకుండా కింద వేసిన గుడ్డ మీద దుమ్ము చేరి రెండేళ్లలో అందులోనే కలుపు మొలుస్తుంది. అప్పుడు గుడ్డా పీకాలి, రాళ్లూ ఏరాలి.

నియమాల_నాని:
రాళ్ల సంగతి వచ్చింది కాబట్టి: టెక్సాస్ ప్రాపర్టీ కోడ్ 202.007 ప్రకారం, 2013 సవరణ తర్వాత, నీళ్లు ఆదా చేసే తోటను హెచ్ఓఏ నిషేధించడానికి వీల్లేదు. ప్లాన్ ఇమ్మనొచ్చు, సరైన కారణం లేకుండా తిరస్కరించకూడదు. కానీ కంకర, రాళ్లు, కాక్టస్‌లపై ఆంక్షలు పెట్టే హక్కు దానికి ఉంది. కాబట్టి కొలతలతో ప్లాన్ గీసి, మొక్కల పేర్లు, వాటి మధ్య ఎడం రాసి ముందే ఆమోదం తీసుకోండి. తవ్వే ముందు, భూమిలోని పైపులు, తీగలు ఎక్కడున్నాయో గుర్తుపెట్టించే 811కి ఫోన్ చేయడం మరవద్దు.

రేగడి_రైతుబిడ్డ:
పచ్చిక అన్నా, టైమర్ మాట ఒప్పుకుంటాను. రాళ్ల మాట ఇంకా ఒప్పుకుంటాను. కానీ నీళ్లు తగ్గించినంత మాత్రాన సీతాకోకచిలుకకు ఆ గడ్డిలో తేనె దొరకదు కదా. మొత్తం ఒకేసారి పీకక్కర్లేదు, నడకదారికీ రోడ్డుకూ మధ్య ఉన్న పట్టీతో మొదలుపెట్టొచ్చు. గల్ఫ్ మ్యూలీ, టర్క్స్ క్యాప్, ఫ్రాగ్‌ఫ్రూట్ లాంటి ఇక్కడి మొక్కలు అక్టోబరులో నాటితే వేళ్లు దిగుతాయి. మే నెలలో నాటితే బతికించడానికే లాన్‌కు పోసినన్ని నీళ్లు కావాలి. మల్చ్ మూడంగుళాలు. వెయ్యి చదరపు అడుగులకు తొమ్మిది ఘనపు గజాల పైచిలుకు పడుతుంది.

కొత్తిల్లు_ప్లేనో:
గడ్డి తీసేసిన వైపు స్ప్రింక్లర్లు పూర్తిగా కట్టేయొచ్చా?

తుంపర_లెక్క:
వద్దండీ. రేగడి ఎండితే కుంచించుకుపోతుంది, ఇంటి పునాది స్లాబు పగుళ్లివ్వొచ్చు. పునాదికి అడుగు, అడుగున్నర దూరంలో సోకర్ పైపు (పొడవునా నీరు ఊరే గొట్టం) ఉంచండి. మిగతా జోన్‌ను (ఒకే వాల్వు కింద తడిసే భాగాన్ని) డ్రిప్‌కు మార్చేటప్పుడు ఫిల్టరు, పీడనాన్ని 25–30 పీఎస్ఐకి తగ్గించే రెగ్యులేటరు తప్పనిసరి. ఒకే జోన్‌లో డ్రిప్, స్ప్రే కలపొద్దు, ఒకటి నిండేలోపు ఇంకొకటి మునుగుతుంది. లాన్ నీళ్లకు అలవాటుపడిన పాత ఓక్ చెట్టు ఉంటే మొదటి రెండు వేసవులు దానికి విడిగా పెట్టండి, మల్చ్ మాత్రం కాండానికి తగలనీయకండి.